ఎడమవైపు గోడ

జనవరి 14, మంగళవారం

సెలవుల తర్వాత మొదటి రోజు. ఇళ్ళలో ఏం పెట్టారో గాని పిల్లలు ఒక్కొక్కరూ అంగుళం పెరిగి వచ్చారు. మంగళవారం గుంపు పాతికమందిని దాటింది. రెండు టెన్నిస్ కోర్టులు, నేను, హాంపుస్. హాంపుస్ నా గుంపులోనే పెరిగి ఇప్పుడు నా పక్కన కోచ్ అయ్యాడు. సర్వ్ చేస్తే ఉరిమినట్టుంటుంది గాని, పిల్లల్ని అదుపులో పెట్టడం ఇంకా చేతకాదు. "దయచేసి వరసలో నిలబడండి" అంటాడు. పాతిక రాకెట్లు ఊగుతున్న చోట దయ ఏం పనికొస్తుంది? గుంపుకి ఒకటే శాస్త్రం. ఎవరు ఎక్కడున్నారో కోచ్‌కి ప్రతి క్షణం తెలియాలి. తెలిస్తే ఆట, తెలియకపోతే ఆసుపత్రి.

క్లబ్బు అధ్యక్షుడు రోలాండ్ గుంపుని రెండు ముక్కలు చేద్దామంటాడు. రెండో ముక్కని ఎవరు చూస్తారు? ఈ తీరమంతా గాలించినా ఇంకో కోచ్ దొరకడు. చోటు లేదని ఈ గుమ్మంలోంచి ఒక్క పిల్లని కూడా నేను వెనక్కి పంపలేదు, పంపను. మారిటకి వీపు మీద కూడా కళ్ళున్నాయని ఇక్కడి తల్లిదండ్రులు నన్ను ఊరికే అనరు.

మెల్కెర్ తండ్రి వచ్చి, కొడుకు బంతులన్నీ నెట్‌లో పడటానికి కారణం రాకెట్ తీగలేనని వాదించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది. తీగలు మార్పిస్తానని చెప్పి పంపేశాను.

ఆ మెల్కెర్ మీదే ఇవాళ దాదాపు పడ్డాను. వాడు నా ఎడమ పక్కన వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడట. మోకాలు వాడి భుజానికి తగిలింది. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. క్రిస్మస్ సెలవుల్లో హాలులో దీపాలు మార్చారు. అవి పక్కల నీడలు మింగేస్తున్నాయి. రోలాండ్‌కి రాశాను.

జనవరి 16, గురువారం

మళ్ళీ కప్పు పగిలింది. బల్ల మీదే పెట్టాననుకున్నాను.

జనవరి 21, మంగళవారం

ఎలక్ట్రీషియన్ వచ్చి కొలిచాడట. పాత దీపాలకంటే ఇవే మేలని, పక్కలకి కూడా వెలుగు సమానంగా ఉందని రోలాండ్ జవాబు. ఎలక్ట్రీషియన్‌కి టెన్నిస్ ఏం తెలుసు?

సరే, దీపాలు మారవు కాబట్టి నేనే మారాను. ఇవాళ కొత్త పద్ధతి పెట్టాను. ఎప్పటిలా మధ్యలో కాకుండా హాలు వెనక ఎడమ మూలలో, ఇటుక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎడమవైపు గోడ, కుడివైపు పిల్లలందరూ. కొట్టేవాళ్ళు, పట్టేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, బంతులు ఏరేవాళ్ళు అని నాలుగు జట్లు. ఈల వేయగానే అందరూ గడియారం ముల్లు తిరిగే వైపే జరగాలి. ఎదురు నడవకూడదు, నా వెనక్కి రాకూడదు. ఎడమచేతి వాటం పిల్లలు మిగతావాళ్ళకి అద్దంలో బొమ్మల్లా తిరుగుతారు కదా, వాళ్ళని నాకు బాగా కనిపించే కుడి చివర పెట్టాను.

ఎంత బాగా సాగిందని! ఒకరి రాకెట్ ఒకరికి తగల్లేదు. అరుపులు సగానికి సగం తగ్గాయి. బంతులు ఏరడానికి పట్టే సమయం కూడా మిగిలింది. హాంపుస్ నోరు తెరుచుకుని చూశాడు.

ఇది ఎలా తట్టిందని అడిగాడు. పిల్లలు ఎదురెదురుగా నడవడం వల్లే గందరగోళమంతా, చాన్నాళ్ళుగా ఆలోచిస్తున్నానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకే నిజమనిపించింది. నిజమే కూడా.

జనవరి 28, మంగళవారం

రోలాండ్ బూట్లు విప్పి, సాక్సులతో బెంచీ మీద కూర్చుని గంటసేపు చూశాడు. మామూలుగా పది నిమిషాలకే ఫోను తీస్తాడు. ఇవాళ తీసింది వీడియో పట్టడానికి.

సాయంత్రం ఫోన్ చేశాడు. జిల్లా టెన్నిస్ సంఘం వాళ్ళకి ఆ వీడియో పంపాడట. ఎక్కడ చూసినా పిల్లలెక్కువ, కోచ్‌లు తక్కువ. ఇంత పెద్ద గుంపుని ఇంత నెమ్మదిగా నడపడం వాళ్ళు చూడలేదట. మార్చి ఒకటిన అన్ని క్లబ్బుల కోచ్‌లూ మన హాలుకి వస్తారు, నువ్వు చేసి చూపించాలి అన్నాడు. పద్ధతికి పేరు కూడా పెట్టాలన్నాడు.

పేరేమీ వద్దన్నాను. కాని ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఈ వయసులో ఇంత పొగడ్త దొరికితే ఎవరికైనా కళ్ళు నెత్తికెక్కుతాయి.

ఫిబ్రవరి 4, మంగళవారం

తూవా అక్కడ ఉండకూడదు.

తొమ్మిదేళ్ళ పిల్ల, ఎడమచేతి వాటం, మొండిఘటం. రెండు వారాలుగా కుడి చివరే ఎందుకుండాలని సణుగుతూనే ఉంది. "నా స్నేహితులందరూ మధ్యలో ఉన్నారు, నాకెప్పుడూ ఆ మూలేనా?" అని ఇవాళ కూడా అడిగింది. గుంపులో ఎవరి చోటు వారిదేనని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తలూపింది. తలూపినదాన్ని నమ్మాను.

ఫోర్‌హ్యాండ్ చూపించడానికి నా మూలలోంచి నడిమికి వచ్చాను. పిల్లలందరినీ ఎదురుగా కూర్చోబెట్టాను. బంతిని కొట్టాక రాకెట్ ఆగకూడదు, ఎడమ భుజం మీదుగా వెనక్కి వెళ్ళిపోవాలి అని చెబుతూ బలంగా ఊపాను. రాకెట్ చివర్లో ఏదో గాలిలాంటి తేడా తెలిసింది. తల తిప్పి చూస్తే ఎడమ పక్కన తూవా. నుదుటి మీద జుట్టు ఇంకా కదులుతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. దాని చేతిలో బంతి ఉంది. ఎక్కడికో దొర్లిపోయిన బంతిని నాకు ఇవ్వడానికి వచ్చిందట.

నేను అరిచాను. చాలా గట్టిగా అరిచాను. హాంపుస్ అటు తిరిగి నీళ్ళు తాగుతున్నాడు, ఏమీ చూడలేదు. పిల్లలు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. తూవా బంతిని నేల మీద పెట్టి తన మూలకి వెళ్ళిపోయింది.

తగల్లేదు. తగల్లేదు కదా.

ఫిబ్రవరి 5, బుధవారం

తూవా అక్కడ ఉండకూడదు. అది నియమం.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కళ్ళజోడు మార్చుకుందామని ఊళ్ళోకి వెళ్ళాను. కళ్ళజోళ్ళ అబ్బాయి మంచి మాటకారి, నా పాత ఫ్రేముని చూసి పురావస్తుశాలకి ఇమ్మన్నాడు. ఎడమ కంటిలోకి దీపం వేసి చూశాక హాస్యం మానేశాడు. కంటి ఆసుపత్రికి తనే ఫోన్ చేశాడు. వచ్చే గురువారం రమ్మన్నారు. ఇక్కడ మోకాలికి డాక్టర్ దొరకాలంటే ఆరు నెలలు ఆగాలి. ఇంత తొందరగా పిలిచారంటే ఎవరో రద్దు చేసుకుని ఉంటారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

హాంపుస్ నా పద్ధతిని తెల్లబోర్డు మీద గీశాడు. బాణాలు, చుక్కలు, కోచ్ స్థానంలో ఎర్ర గుండ్రం. ఒకటో తారీఖున నాకు తోడుగా రెండో కోర్టుని వాడు నడుపుతాడు. అంతా గీశాక రెండో కోర్టు కుడి మూలలో ఇంకో గుండ్రం గీసి గడ్డం గోక్కున్నాడు.

"మారిటా, రెండో కోర్టులో నేను కుడి మూలలో నిలబడతాను. నీకు ఎదురు మూల. ఇద్దరం కలిసి హాలంతా చూడొచ్చు. ఏమంటావ్?"

చాలా తెలివైన మాట. ఎవరైనా అదే అంటారు. కుదరదన్నాను. ఎందుకన్నాడు. పిల్లల్లో ఎక్కువమంది కుడిచేతి వాటం కాబట్టి, ఎడమ మూలలోంచి చూస్తేనే వాళ్ళ రాకెట్ ముఖం కనిపిస్తుందని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు, ఉత్త గాలి మాట. వాడు కాసేపు బోర్డు వైపు చూశాడు. తర్వాత ఆ గుండ్రాన్ని చెరిపి ఎడమ మూలలో గీసి, దాని కింద నా మాటని శ్రద్ధగా రాసుకున్నాడు.

"నువ్వు చెప్తే సరే" అన్నాడు.

వాడికి ఏడేళ్ళప్పుడు కూడా ఇలాగే అనేవాడు.

ఫిబ్రవరి 13, గురువారం

ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించారు. చిన్న చిన్న వెలుగులు కనిపిస్తాయి, కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. కుడి కన్ను బాగానే సాగింది, టకటకా నొక్కాను. తర్వాత ఎడమ కన్ను. నొక్కాను, ఆగాను. వెలుగులు రాలేదు. యంత్రం ఆగిపోయిందేమో, నర్సుకి చెబుదామా, పాపం చిన్న పిల్ల, నొచ్చుకుంటుందేమో అనుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి ఒక వెలుగు వచ్చింది. నొక్కాను. పరీక్ష అయిపోయిందన్నారు.

యంత్రం ఆగలేదట. వెలుగులు వస్తూనే ఉన్నాయట.

డాక్టరు నాకంటే చాలా చిన్నది. కాగితం మీద నల్లటి మరకలు చూపించింది. కంటిలో ఒత్తిడి, నెమ్మదిగా నరాన్ని తినేసింది, నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలుపుకోవడానికి కంట్లో చుక్కల మందు. కుడి కన్ను బాగుంది. గుడ్డిలో మెల్ల.

ఇంకో పరీక్ష అయ్యేదాకా కారు నడపకూడదంది. తర్వాత, రాసుకుంటూనే, ఏం పని చేస్తుంటావని అడిగింది.

క్లబ్బు ఆఫీసులో, అన్నాను. కోర్టుల కేటాయింపులు చూస్తాను, అన్నాను. చూస్తాను కూడా, సోమవారాలు.

"అయితే ఫర్వాలేదు. ఎవరైనా హఠాత్తుగా ఎడమవైపు నుంచి వస్తే నీకు తెలియదు. జాగ్రత్తగా ఉండు" అంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

చుక్కలు వేసుకున్నాను. మండాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

కారు ఏమైందని రోలాండ్ అడిగాడు. క్లచ్ పోయిందన్నాను. మంచు మీద నడిచి హాలుకి వెళ్తే ఆరోగ్యమన్నాను.

ఇందులో దాచేదేముంది అని ఉదయం నుంచి నాతో నేనే వాదిస్తున్నాను. చెబితే ఏమవుతుంది? బీమా వాళ్ళు ఒప్పుకోరు, క్లబ్బు నన్ను కోర్టులోకి రానివ్వదు. హాంపుస్ ఒక్కడే పాతికమందిని చూడలేడు. సగంమందిని పంపేస్తారు. ఆ పిల్లలు చీకటి చలికాలమంతా ఇళ్ళలో తెరలు చూస్తూ కూర్చుంటారు. ఒక్క కన్ను కోసం పన్నెండు పదమూడు మంది పిల్లల్ని రోడ్డున పడేయమంటారా? నేను గోడ పక్కన నిలబడితే ఎవరికీ ఏమీ కాదు. పద్ధతి పనిచేస్తోంది. జిల్లా సంఘమే ఒప్పుకుంది.

నేను పిల్లల కోసమే ఆలోచిస్తున్నాను. పిల్లలు లేని మంగళవారం నాకు ఎలా ఉంటుందన్నది వేరే సంగతి, దాన్ని ఇందులో కలపడం లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

తూవా రాలేదు. కడుపునొప్పట.

మూలలోంచి ఒక్కసారి కూడా కదల్లేదు. ఫోర్‌హ్యాండ్ ఏదైనా చూపించాలంటే హాంపుస్‌ని చూపించమన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

తూవా తల్లి జెస్సికా ఫోన్ చేసింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఏదైనా అడగాలన్నా ముందు వాతావరణం గురించి మాట్లాడుతుంది. సముద్రం ఎంత దూరం గడ్డకట్టిందో మాట్లాడాక విషయానికి వచ్చింది. కడుపునొప్పి కాదట. పిల్ల టెన్నిస్ మానేస్తానంటోందట. రాత్రిళ్ళు నిద్రలో చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంటోందట.

"నేనెవరినీ తప్పుపట్టడం లేదు మారిటా. తనేదో తప్పు చేశానని నువ్వు అనుకుంటున్నావనీ, నీకు తనంటే కోపమనీ అంటోంది. అసలేం జరిగిందో చెప్తే, నేను దాంతో మాట్లాడతాను."

ఇదీ చెప్పాల్సిన చోటు. నోటిదాకా వచ్చింది. వంటగది కిటికీ బయట మంచు తోసే బండి వెళ్తోంది, అది వెళ్ళేదాకా ఆగాను. వెళ్ళాక, తూవా చెప్పిన చోట నిలబడకుండా వెనక నుంచి వచ్చింది, దెబ్బ తగిలి ఉండేది, భయంతో అరిచాను, కోపమేమీ లేదు, కాని నియమం నియమమే అని చెప్పాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. వెనక నుంచి అన్నది తప్ప. పక్క నుంచి వచ్చింది.

జెస్సికా నాకు క్షమాపణ చెప్పింది. పిల్ల చేత కూడా చెప్పిస్తానంది. వద్దనలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

తూవా వచ్చింది. అందరికంటే ముందే వచ్చి, కోటు కూడా విప్పకుండా నా ఎదురుగా, సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా నిలబడింది. ఇంట్లో నేర్చుకొచ్చిన మాటలు.

"నిలబడకూడని చోట నిలబడ్డాను. సారీ. ఇంకెప్పుడూ నిలబడను."

ఫర్వాలేదన్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ఫర్వాలేదన్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

ఒకటో తారీఖు అయిపోనీ. అయ్యాక రోలాండ్‌తో మాట్లాడతాను. ముందే చెబితే అందరికీ రైలు టిక్కెట్లు, హోటళ్ళు, అంతా వృథా. పెద్ద గుంపులు నడపొచ్చని నమ్మకం కలిగి, ఏ క్లబ్బైనా ఇంకో పది మంది పిల్లల్ని చేర్చుకుంటే అదీ లాభమే కదా. ఒకటి అయిపోనీ.

మార్చి 1, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేనే దీన్ని వేరేలా మార్చేసుకుంటాను.

హాలుకి వెళ్ళేసరికి రోలాండ్ వచ్చినవాళ్ళ కోసం కుర్చీలు వేయించాడు. ఎక్కడ? ఎడమ గోడ పొడుగునా. నా మూలలో కాఫీ బల్ల. వాటిని అటు మార్చమంటే, అప్పటికే కోచ్‌లందరూ కూర్చుని ఏలకుల రొట్టెలు తింటున్నారు, ఇప్పుడు లేపడం బాగుండదన్నాడు. గోడకి ఎడంగా నిలబడాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నిలబడిన హాలులోనే నాకు కాళ్ళ కింద నేల లేనట్టుంది. ఎడమవైపు ఎవరో దగ్గుతారు, ఎవరో కుర్చీ జరుపుతారు, వినిపిస్తుంది, మనిషి ఉండడు. ఈల వేసేముందు ప్రతిసారీ తల పూర్తిగా అటు తిప్పి చూసుకున్నాను. తల తిప్పడం కూడా పద్ధతిలో భాగమేననుకుని ఎవరో ముందు వరసలో రాసుకున్నారు.

పిల్లలు మాత్రం బంగారం. నాలుగు జట్లు, ఈల, జరగడం, మళ్ళీ ఈల. బంతుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. హాంపుస్ రెండో కోర్టులో, ఎడమ మూలలో, నేను చెప్పినట్టే. రెండు కళ్ళూ బాగున్న కుర్రాడు గోడకి అతుక్కుని నిలబడ్డాడు. తూవా కుడి చివర. గంటలో ఒక్కసారి కూడా నావైపు రాలేదు. బంతి ఇటు దొర్లినా వదిలేసింది.

అయ్యాక చప్పట్లు. తర్వాత ప్రశ్నలు. ఉత్తరం నుంచి వచ్చిన ఒక కోచ్, పొడుగు జడ, చురుకైన మనిషి, చెయ్యెత్తింది. తన గుంపులో ఎడమచేతి వాటం పిల్లలు చాలామందే ఉన్నారట. ఎప్పుడూ చివరే ఉంచితే వాళ్ళు నొచ్చుకోరా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు రోలాండ్ ఉత్సాహంగా లేచి, ఆ పిల్లనే అడుగుదామని తూవాని పిలిచాడు. ఈ ఊళ్ళో ఏ విషయమైనా అందరి అభిప్రాయం అడగాలి, తొమ్మిదేళ్ళ పిల్లదైనా సరే.

తూవా రాకెట్‌ని చంకలో పెట్టుకుని, నాకు కుడివైపు నుంచే చుట్టూ తిరిగి వచ్చింది.

"మొదట్లో నచ్చలేదు. ఒకసారి అటువైపు వెళ్ళాను. అది తప్పు. సారీ చెప్పాను. ఇప్పుడు అలవాటైపోయింది" అంది.

అందరూ మురిపెంగా నవ్వారు. ఎంత చక్కగా చెప్పిందన్నారు. జడ కోచ్ రాసుకుంటూ, వచ్చే వారం నుంచి మా దగ్గర కూడా ఇదే పెడతాను, అటువైపు రాకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పేస్తానంది. పక్కనున్నాయన కూడా తలూపి రాసుకున్నాడు.

నాకు ఒక్కసారిగా ఎన్నో హాళ్ళు కనిపించాయి. ప్రతి హాలులోనూ చివర ఒక పిల్ల, తప్పు చేశానని నమ్ముతూ.

"రాసుకోకు" అన్నాను.

అందరూ ఆగారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. నాకు ఎడమ కన్ను పోయింది. అటువైపు మనిషి ఉన్నా కనిపించదు. అందుకే గోడ పక్కన నిలబడ్డాను, అందుకే పిల్లలందరినీ ఇటు తిప్పాను. ఇందులో పద్ధతీ లేదు, పాడూ లేదు. నేను దాచుకోవడానికి చేసింది."

తర్వాత రోలాండ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. జడ కోచ్ కౌగిలించుకుంది. ఎంత ధైర్యం అన్నారు. ఎవరో కాఫీ తెచ్చి చేతిలో పెట్టారు, ఎవరో వాళ్ళ అత్తగారి కంటి ఆపరేషన్ గురించి చెప్పారు. చుట్టూ మనుషులే. హాంపుస్ ఒక్కడే దూరంగా నిలబడి తన మూలవైపు చూస్తున్నాడు, రాకెట్ ముఖం సంగతి ఉత్త గాలి మాట అని ఇప్పుడు తెలిసి ఉంటుంది.

ఆ మనుషుల భుజాల మధ్యలోంచి చూస్తే తూవా మళ్ళీ కుడి చివరకి వెళ్ళి నిలబడి ఉంది. కదలొచ్చని దానికెవరూ చెప్పలేదు.

కాఫీ ఎవరికో ఇచ్చేసి వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేను మొదలుపెట్టేలోపే అది అడిగింది.

"నీకు కనిపించదని నీకు తెలుసా? నేను సారీ చెప్పినప్పుడు?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పనిచ్చావు?"

ఇంటికొచ్చి ఇంత రాశాను, ఆ ప్రశ్న దగ్గరే ఆగాను.

మార్చి 4, మంగళవారం

సెలవుల వారం. హాలు మూత. రోలాండ్ మీగడ బన్నులు తీసుకుని ఇంటికొచ్చాడు, ఈస్టర్ ఉపవాసాల ముందు మంగళవారం, ఇవాళ అవి తినాల్సిన రోజు కదా. సగం బన్ను తిన్నాక చెప్పాడు. నేను కోర్టులోకి దిగకూడదు. గుంపు సగమవుతుంది, మిగతా పిల్లలు శరత్కాలం దాకా ఆగాలి. జిల్లా సంఘం వాళ్ళకి నిజానికి ఒకే వైపు తిరగడమన్నది నచ్చిందట, దాన్ని ఉంచుకుంటారట. ఎడమచేతి వాటం సంగతి తీసేశారట.

"జనవరిలోనే చెప్పుంటే ఇంకొకళ్ళని వెతికేవాళ్ళం మారిటా. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకి నేర్పేవాళ్ళం. నిన్ను తప్పుపట్టడం లేదు."

తప్పుపట్టు అన్నాను. ఈ ఊళ్ళో ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు, తొమ్మిదేళ్ళ పిల్లని తప్ప. అతనికి ఏం చేయాలో తోచక పళ్ళెం తీసుకెళ్ళి కడిగాడు.

అతను వెళ్ళాక ఏడ్చాను. కంటి కోసం కాదు.

జెస్సికాకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఈసారి సముద్రం గురించి ఎవరం మాట్లాడలేదు. అంతా విని, ఆలోచించుకోవాలి అని పెట్టేసింది.

మార్చి 11, మంగళవారం

రోలాండ్‌ని అడిగి ఐదు నిమిషాలు తీసుకున్నాను. పాత గుంపు మొత్తాన్నీ రమ్మన్నారు, ఆఖరిసారి. హాంపుస్ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టాడు. దయచేసి అనలేదు, కూర్చోండి అన్నాడు. కూర్చున్నారు.

చెప్పాను. తూవా తప్పు ఏమీ లేదని, తప్పు నాదని, దాచానని, నేను అరిచింది నా భయానికని. పెద్దవాళ్ళయితే తల దించుకునేవాళ్ళు. వీళ్ళు వెంటనే లేచి నా ఎడమవైపు చేరారు. మెల్కెర్ ఎన్ని వేళ్ళో చెప్పమన్నాడు. చెప్పలేకపోతే గోల, చెబితే ఇంకా గోల. హాంపుస్ ఆపబోతే వద్దన్నాను.

తూవా వచ్చింది. తల్లి తలుపు దగ్గరే నిలబడింది. ఈ గోలలో తూవా కలవలేదు. అందరూ అలిసిపోయి కూర్చున్నాక లేచి, ముందుకే చూస్తూ ఉండమని నాతో చెప్పింది. చూశాను. ఎడమవైపు దాని బూట్ల చప్పుడు.

"ఇప్పుడు కనిపిస్తున్నానా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

చూపు అంచులో ఒక పసుపు రంగు చొక్కా మెల్లగా మొలిచింది. కనిపిస్తున్నావన్నాను. తూవా వంగి ఆ చోట ఒక ప్లాస్టిక్ గుర్తు పెట్టింది. తర్వాత మళ్ళీ వెనక్కి, నాకు కనిపించని వైపుకి నడిచింది. ఆగింది.

"ఆ రోజు నేను ఇక్కడున్నాను."

తల తిప్పి చూశాను. గుర్తుకి చాలా అవతల, నా రాకెట్ సరిగ్గా వచ్చే చోట నిలబడి ఉంది.

"ఇంకొంచెం ముందుకి వచ్చుంటే తగిలేది కదా?" అంది.

"తగిలేది."

"గట్టిగా?"

"చాలా గట్టిగా. మొహానికి తగిలేది" అన్నాను. ఒక్కటైనా మెత్తగా చెప్పాలనిపించింది, చెప్పలేదు.

తూవా తలుపు దగ్గరున్న తల్లివైపు తిరిగింది. అరవలేదు, మామూలుగానే చెప్పింది.

"చూశావా అమ్మా. సారీ చెప్పమన్నప్పుడే నేను చెప్పాను కదా, తప్పు నాది కాదని."

జెస్సికా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

హాంపుస్ ఈల వేశాడు. పిల్లలు లేచి వరస కట్టారు. తూవా వెళ్ళి వరస నడిమధ్యలో, స్నేహితుల మధ్య నిలబడింది. నన్ను క్షమించిందో లేదో తెలియదు. అడగలేదు. కోర్టు దాటి బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాను.